యూరియా చల్లిన మర్నాడే వాన పడితే?

ప్రశ్న: చేవెళ్ల దగ్గర ఎకరంన్నర చల్క (ఎర్ర ఇసుక) నేలలో మక్కజొన్న వేశాను. నెల పైరుకు రెండు బస్తాల యూరియా చల్లాను. మర్నాడే పెద్ద వాన. రెండు రోజులు సాళ్లలో నీళ్లు నిలిచాయి. ఇప్పుడు ఆకులు పసుపెక్కుతున్నాయి. యూరియా అంతా పోయినట్టేనా? మళ్లీ రెండు బస్తాలు వేయమంటారా? – ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: టెన్షన్ పడి మళ్లీ రెండు బస్తాలు చల్లకండి. ముందు ఒక కింది ఆకు తెంపి చూడండి. కొన నుంచి నడిమి ఈనె వెంబడి 'వి' ఆకారంలో పసుపు దిగుతుంటే నత్రజని లోపమే. లేత ఆకుల మొదట్లో తెల్లటి చారలుంటే అది జింకు లోపం, యూరియాతో తీరదు.

మీరు వేసిన 90 కిలోల యూరియాలో నత్రజని 41 కిలోలు. నీళ్లు ఎటు పోతే అదీ అటే పోయింది. మిల్లీమీటరు వానంటేనే ఎకరాకు దాదాపు 4 వేల లీటర్ల నీళ్లు! కరిగిన యూరియాను నేల పట్టుకోలేదు. కొన్ని రోజులు ఆగితే అది అమ్మోనియంగా మారి బంకమట్టికి అంటుకునేది. వాన ఆ గడువివ్వలేదు. కొంత వాగులో కలిసింది, కొంత వేళ్లను దాటి కిందికి దిగింది. అమ్మోనియం నేలలో నైట్రేటుగా మారుతుంది; నీళ్లు నిలిచినచోట బ్యాక్టీరియా ఆ నైట్రేటును వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. నేలలో మిగిలిందాన్నైనా ఊపిరాడని వేళ్లు తీసుకోలేవు.

కాబట్టి ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. నేల పదునుకొచ్చాక ఎకరాకు 25–30 కిలోల యూరియా, 10–15 కిలోల పొటాష్ మొదళ్ల దగ్గర వేసి మట్టి కప్పండి. పైపైన చల్లితే అమ్మోనియాగా ఆవిరైపోతుంది. లైన్లో నిలబడి తెచ్చుకున్న ఎరువు అలా పోతుంటే నాకే ప్రాణం ఉసూరుమంటుంది. వచ్చే పంటకు మూడు దఫాలుగా, వాన కబురు చూసుకుని వేయండి.

అసలు చికిత్స నేలకు కావాలి. మీ చేలో గుప్పెడు మట్టి తడిపి నలపండి. గరగరలాడుతూ ఉండ కట్టకుండా విడిపోతే నీటినీ ఎరువునూ పట్టే సన్నమట్టి అందులో తక్కువని అర్థం. ఏళ్ల తరబడి వానకు కొట్టుకుపోయిన ఆ మట్టే మీ ఊరి చెరువు అడుగున ఉంది. ఎండాకాలంలో పరీక్ష చేయించి, ఆ ఒండ్రు తోలుకోండి. వీలైతే ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించండి. మక్క కట్టె కాల్చకండి, అందులోని నత్రజని పొగలో పోతుంది.

ఇంకొక్క మాట. వేళ్లను దాటి దిగిన నైట్రేటు బోరు నీళ్లలోకీ చేరొచ్చు. చేను పక్క బోరు నీళ్లే ఇంట్లో తాగుతుంటే నైట్రేటు పరీక్ష తప్పనిసరిగా చేయించండి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లల పాలపొడిలో ఆ నీళ్లు కలపొద్దు. కాచినా నైట్రేటు పోదు.

– మృత్తికా శాస్త్రవేత్త, హైదరాబాద్