చిరుత ఎదురైతే ఒకలా, ఎలుగు ఎదురైతే ఇంకోలా

ప్రశ్న: మా చేను అడవిని ఆనుకొని ఉంది, పాతిక మేకలున్నాయి. పగలు నేనూ మా అమ్మాయీ వంతులవారీగా మేపుతాం. రాత్రి నీళ్లు కట్టడానికి నేనొక్కణ్నే వెళ్తాను. ఈమధ్య గట్టు మీద పెద్ద అడుగులు కనిపించాయి. చిరుత అని కొందరు, ఎలుగుబంటి అని కొందరు అంటున్నారు. ఎదురుపడితే పరిగెత్తాలా, చెట్టెక్కాలా, కదలకుండా పడుకోవాలా? తలా ఒక మాట చెబుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: పరిగెత్తొద్దు, చెట్టెక్కొద్దు. ఈ రెండు మాటలు చిరుతకూ ఎలుగుకూ ఒకేలా వర్తిస్తాయి. చిరుతా ఎలుగూ రెండూ చెట్లెక్కుతాయి, రెండూ మనకంటే వేగంగా పరిగెడతాయి. పైగా వీపు చూపించి పారిపోయేదాన్ని వెంటాడటం పిల్లి జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. ఇక పడుకోవాలా వద్దా అన్నది మాత్రం ఎదురుగా ఉన్నది ఏ జంతువో దాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. తలా ఒక మాట వినిపిస్తోందంటే కారణం ఇదే, ఒకరు చిరుతను మనసులో పెట్టుకొని చెబుతున్నారు, ఇంకొకరు ఎలుగును.

కాబట్టి ముందు ఆ అడుగులు ఎవరివో తేల్చుకోండి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, అందుకని ముద్రలో నాలుగు వేళ్లు, వెనక మెత్తటి అడుగు మాత్రమే పడతాయి, గోరు గుర్తు ఉండదు. వేళ్ల ముందు గోరు గుర్తులు కనిపిస్తే అది కుక్కో తోడేలో హైనానో అయ్యే అవకాశం ఎక్కువ. ఎలుగుకు అయిదు వేళ్లు, వాటి ముందు పొడవాటి గోళ్ల గీతలు ఉంటాయి, వెనక కాలి ముద్ర చూస్తే మనిషి పాదంలా అనిపిస్తుంది. దగ్గర్లో చెదపుట్టలు లోతుగా తవ్వి ఉంటే ఎలుగు తిరుగుతోందనే అనుకోండి. ముద్ర పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి అటవీ సిబ్బందికి పంపితే వాళ్లు ఇంకా ఖాయంగా చెప్పగలరు.

చిరుత సంగతి. అది మనిషిని చూసి తప్పుకునే జంతువే, చాలాసార్లు అది మనల్ని చూసి పక్కకు పోయిన సంగతి మనకు తెలియను కూడా తెలియదు. దాడి చేసేటప్పుడు ఎక్కువగా వెనక నుంచో పక్క నుంచో వచ్చి మెడ పట్టుకుంటుంది. నిటారుగా నిలబడ్డ పెద్ద మనిషి దానికి వేటలా అనిపించడు, వంగి గడ్డి కోస్తున్న మనిషి, చీకట్లో బహిర్భూమికి కూర్చున్న మనిషి, చిన్నపిల్లలు మాత్రం దాని కంటికి మేకంత ఎత్తులోనే ఉంటారు. ప్రమాదం ఎక్కువగా ఇక్కడే వస్తుంది, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కనుక గడ్డి కోత, కలుపుతీత లాంటి వంగి చేసే పనులు బాగా వెలుగొచ్చాకే పెట్టుకోండి, ఇద్దరుంటే ఒకరు పనిచేస్తూ ఒకరు నిలబడి చుట్టూ చూస్తూ ఉండండి. మీ అమ్మాయిని ఒంటరిగా మందతో పంపడం కొన్నాళ్లు పూర్తిగా మానుకోండి, పొద్దు పొడవకముందు, పొద్దు వాలాక అయితే మీరు తోడున్నా సరే వద్దు.

ఎదురుపడితే నిలబడండి. చూపు దాని మీద నుంచి తిప్పకండి. చేతులు పైకెత్తి, కండువానో గొంగడో విప్పి పట్టుకొని పెద్దగా కనిపించండి, గట్టిగా అరవండి, అలాగే ఒక్కో అడుగు వెనక్కి వేయండి. పిల్లలుంటే ఎత్తుకోండి, కానీ ఎత్తుకోవడానికి కిందికి వంగి ఎక్కువసేపు ఉండొద్దు. దానికి పోయే దారి వదిలేయండి. మీద పడితే మాత్రం పడుకోవడం, చచ్చినట్టు నటించడం పనికిరాదు, చేతిలో ఏది ఉంటే దానితో ముఖం మీద, కళ్ల మీద కొడుతూ ఎదిరించాలి.

ఎలుగు దీనికి భిన్నం. అది మనిషిని తినడానికి రాదు, ఉలిక్కిపడి వస్తుంది. చూపు, వినికిడి అంతంతమాత్రం, వాసన పట్టడంలో మాత్రం మహా గట్టిది. గాలి మన వైపు వీస్తుంటే మనం పది అడుగుల్లోకి వచ్చేదాకా దానికి తెలియకపోవచ్చు, తెలిసిన క్షణంలో భయంతో మీదకు దూకుతుంది, దాని పిల్లలు వెంట ఉంటే మరీను. అందుకే దీని విషయంలో అసలు రక్షణ చప్పుడు. పొదలు, రాళ్ల గుట్టలు, వాగు మలుపులు వచ్చే ముందు గట్టిగా మాట్లాడండి, కర్రతో నేల మీద కొడుతూ నడవండి. పళ్లు, పూలు రాలే చెట్ల కిందికి తెల్లవారుజామున వెళ్లకండి. దూరంగా కనిపిస్తే అరవకుండా మెల్లగా వెనక్కి తగ్గి వేరే దారి పట్టండి, రాళ్లు విసరొద్దు. తప్పించుకునే వీల్లేకుండా మీద పడితే మాత్రం బోర్లా పడుకొని, రెండు చేతుల వేళ్లు మెడ వెనక గట్టిగా కలిపి, మోచేతులతో ముఖాన్ని కప్పుకోండి. ఎలుగు ఎక్కువగా తలను, ముఖాన్ని గాయపరుస్తుంది కాబట్టి కాపాడుకోవాల్సింది వాటినే. అది దూరం వెళ్లిందని నమ్మకం కుదిరేదాకా లేవొద్దు.

రాత్రి నీళ్ల పని పగటికి మార్చుకునే వీలుంటే అంతకంటే మంచిది లేదు. తప్పదంటే ఇద్దరు వెళ్లండి, ఒకరి తలకు లైటు, ఇంకొకరి చేతిలో దూరం కొట్టే టార్చి ఉండాలి, ఫోన్లో మాటలో పాటో మోగుతూ ఉంటే మేలు. గట్టు వెంట నాలుగడుగుల మేర పొదలు కొట్టేసి దారి తేటగా ఉంచుకోండి. గట్టు మీద, మంద పక్కన ఆరుబయట నేల మీద పడుకునే అలవాటుంటే ఈ రోజు నుంచే మానేయండి.

ఇక మేకల దొడ్డి. పశువుల డాక్టరుగా నేను ఎక్కువ చెప్పాలనుకునేది దీని గురించే, ఎందుకంటే చిరుత మీ ఇంటి దగ్గరకు వచ్చేది మీ కోసం కాదు, వాటి కోసం. చుట్టూ ముళ్ల కంప వేసి పైన ఖాళీ వదిలేస్తే దొడ్డి కట్టనట్టే లెక్క, పది అడుగుల ఎత్తు దాకా ఎగరగల జంతువది. పైకప్పు తప్పనిసరి, పక్కలకు మందపాటి ఇనుప జాలీ, తలుపు కింద సందు లేకుండా చూడండి, తల పట్టే సందు దొరికితే ఒళ్లంతా దూర్చేస్తుంది. మూసిన దొడ్డిలో ఒకసారి పడిందంటే ఒక మేకతో ఆగదు, బెదిరి గంతులేసే వాటన్నిటినీ చంపుకుంటూ పోతుంది. గుమ్మంలో కుక్కను కట్టేస్తే కాపలా అనుకుంటారు చాలామంది, నిజానికి కుక్క చిరుతకు ఇష్టమైన ఆహారం, కట్టేసిన కుక్క పారిపోను కూడా పారిపోలేదు. చచ్చిన కోడినీ మేకనూ ఊరి చివర పారేయకండి, లోతుగా పాతిపెట్టండి. కళేబరంలో విషం కలపడం, కంచెకు కరెంటు పెట్టడం ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు, ఆ తీగ మీద పడి చచ్చేది సాటి రైతే కావచ్చు.

వెనక నుంచి వచ్చే జంతువుకు తనను చూసేశారని అనిపించేలా, ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో ఒకవాంగో ప్రాంతంలో ఆవుల పిరుదుల మీద కళ్ల బొమ్మలు వేసి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. బొమ్మలు వేసిన 683 పశువుల్లో ఒక్కటీ వేటకు పోలేదు, ఏమీ వేయని 835లో 15 పోయాయి. అక్కడ ప్రధానంగా సింహాల బెడద, పైగా అవి పెద్ద పశువులు. మేకల మీద అంతే పనిచేస్తుందని నేను హామీ ఇవ్వలేను, అయినా ఖర్చు లేని పని కాబట్టి దొడ్డి బాగుచేసుకున్నాక, దానికి బదులుగా మాత్రం కాదు, ప్రయత్నించవచ్చు.

చెరకు లాంటి ఎత్తయిన పైరులో చిరుత పిల్లలు కనిపిస్తే ఎత్తకండి, సెల్ఫీలు తీయకండి, కోత ఆపి దూరం జరిగి కబురు చేయండి. తల్లి చాలావరకు రాత్రి వచ్చి తీసుకుపోతుంది. చిరుత ఎక్కడైనా చిక్కుకుంటే ఊరంతా చుట్టుముట్టడం ఇంకా ప్రమాదం.

మేక పోతే కళేబరాన్ని కదపకుండా ఫొటోలు తీసి పశువైద్యునికి చూపించండి. గొంతు దగ్గర పంటి రంధ్రాల కింద, చర్మం లోపల రక్తం గడ్డకట్టి ఉంటే బతికుండగానే పట్టిందని అర్థం, వేరే కారణంతో చచ్చినదాన్ని తర్వాత పీక్కుతింటే అలా ఉండదు. పరిహారం అడిగేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది. కళేబరం దగ్గరకు చిరుత మళ్లీ వస్తుంది కాబట్టి రాత్రి అక్కడ కాపు కాయకండి.

గాయం మనిషికైతే రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి వెంటనే ఆసుపత్రికి తరలించండి. రక్తస్రావం అదుపులో ఉంటే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగండి, ఆకు పసర్లూ పొడులూ పెట్టొద్దు. రేబిస్ టీకాతో పాటు లోతు గాయాలకు ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేదాకా రేబిస్ నుంచి కాపాడే మందు), ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి మీరే అడగండి. గాయం చిన్నదైనా వెళ్లాల్సిందే, పిల్లి జాతి నోట్లో ఉండే పాశ్చురెల్లా సూక్ష్మజీవి వల్ల ఒక్క రోజులోనే వాపు, చీము రావచ్చు. కరిచినా బతికిన మేకకు కూడా ఇదే జాగ్రత్త, గాయం కడిగి అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, యాంటీబయాటిక్‌తో పాటు రేబిస్ టీకా వేయించండి, మిగతా మందలో కలపకుండా విడిగా కట్టేయండి, దాని పాలు వాడొద్దు.