సెల్‌ఫోన్ ఉంటే శిబిరంలో చేరవచ్చా?

ప్రశ్న: మేము తిరుపతిలో డిగ్రీ చదువుతున్న నలుగురు స్నేహితురాళ్లం. మా కాలనీ గ్రంథాలయంలో ఆదివారాలు జరగబోయే లఘుచిత్ర శిక్షణ శిబిరంలో చేరాలనుకుంటున్నాము. మా దగ్గర సెల్‌ఫోన్లు తప్ప కెమెరా లేదు. ప్రయోజనం ఉంటుందంటారా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిరభ్యంతరంగా చేరండి. అయితే ఉపన్యాసాలతో సరిపెట్టే శిబిరమా, మీ చేత రెండు మూడు నిమిషాల చిత్రమైనా తీయించి, అందరి ముందు ప్రదర్శించి, తప్పొప్పులు చర్చించే శిబిరమా అన్నది ముందే నిర్వాహకులను అడిగి తెలుసుకోండి. మొదటి రకమైతే ఆ ఆదివారాలు ఇంట్లో నిద్రపోవడమే మేలు.

కెమెరా లేదన్న దిగులు అక్కరలేదు. కొత్తవారి చిత్రాలను ఎక్కువగా చెడగొట్టేది శబ్దం. బస్టాండు దగ్గర నాలుగడుగుల దూరం నుంచి ఫోన్‌తో తీసిన సంభాషణలో మాటలకన్నా హారన్లే ముందు వినిపిస్తాయి. కాబట్టి మాట్లాడే వ్యక్తి దుస్తులకు చిన్న కాలర్ మైకు తగిలించి, సన్నివేశం ముగిశాక అక్కడే అందరూ మౌనంగా నిలబడి అర నిమిషం పాటు పరిసరాల శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకుంటే, ఎడిటింగ్‌లో అతుకులు తెలియకుండా కప్పుకోవచ్చు. ట్యూబ్‌లైటు కింద బొమ్మ మినుకుమినుకుమంటే, మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) కనుక, షట్టర్ వేగాన్ని, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురును తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ వంతుకు మార్చి చూడండి.

తిరుమల ఆలయంలోకి సెల్‌ఫోన్లనే అనుమతించరు కనుక కథను కొండ కిందే, మీ వీధిలోనే నడిపించుకోండి. టీ కొట్టులో తీసినా యజమాని అనుమతి అడిగి, చిత్రంలో కనిపించేవారి సమ్మతిని కాగితం మీద రాయించుకోండి.