పోకర్‌లో బిగ్ బ్లైండ్ నుంచి కాల్ చేశాక టర్న్, రివర్ మీద ఎలా ఆడాలి?

ఇది టెక్సస్ హోల్డెమ్ పోకర్ సంగతి, ఒక్కొక్కరికి చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు. బటన్ (ఫ్లాప్ నుంచి ఆఖరున మాట్లాడే సీటు) వాడు రైజ్ చేస్తే, అంటే పందెం పెంచితే, బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే పెద్ద పందెం కట్టే సీటు) నుంచి కాల్ చేస్తున్నాను, అంటే వాడికి సమానంగా వేస్తున్నాను, ఫ్లాప్ (టేబుల్ మీద మొదటి మూడు ముక్కలు) దాకా బాగానే ఉంటోంది, టర్న్ (నాలుగో ముక్క) నుంచి ఏం చేయాలో తెలియక చిప్స్ పోతున్నాయి అని అడిగారు. నేను చెప్పేది ఒక్కటే. టర్న్ మీద కాల్ చేసే ముందే, రివర్‌లో, అంటే చివరి ఐదో ముక్కగా, ఏది పడితే ఏం చేయాలో అనుకుని ఉండండి. ఫ్లాప్ నుంచి ప్రతిసారీ ముందు మాట్లాడేది మీరు, మీరు చేసింది చూసి మాట్లాడేది వాడు, పాట్ (మధ్యలో పోగైన చిప్స్) పెరిగేకొద్దీ ఆ తేడాకి ఖరీదు పెరుగుతుంది.

మేం విజయవాడ పటమటలో ఫ్రెండ్ ఇంట్లో ఆడతాం, ఉత్త చిప్స్‌కే (మన ఆంధ్రలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ అందులోకి తెచ్చారు, డబ్బు జోలికి పోవద్దు). బ్లైండ్స్, అంటే ముందే కట్టే పందేలు, స్మాల్ 50, బిగ్ 100 అనుకోండి. బటన్ 250 చేశాడు, స్మాల్ బ్లైండ్ వదిలేశాడు, మీరు కాల్, పాట్ 550. మీ చేతిలో ఆఠీన్ రాజు, ఇస్పేటు జాకీ. ఫ్లాప్ కళావర్ జాకీ, డైమన్ 8, డైమన్ 3. మీరు చెక్ (ఏమీ వేయకుండా వదలడం), వాడు 275, మీరు కాల్, పాట్ 1100. టర్న్‌లో ఇస్పేటు 5, మళ్లీ చెక్, వాడు 550 వేశాడు. కాల్ చేస్తే పాట్ 2200, అందులో మీది 550, నాలుగింట ఒకసారి గెలిచినా గిట్టుబాటే కాబట్టి జాకీల జతతో కాల్ చేయొచ్చు. రివర్‌లో డైమన్ పడి వాడు గట్టిగా వేస్తే వదిలేయాలి (వాడికి ఐదు డైమన్లు కలిసి ఉండొచ్చు, జత కంటే అది పెద్దది), 2 లాంటి పనికిరాని ముక్క పడితే ఇంకో కాల్.

అదే చోట మీ చేతిలో రెండు ముక్కలూ డైమన్లే అనుకోండి. కనపడని 46 ముక్కల్లో మీకు పనికొచ్చేవి మిగిలిన డైమన్లు 9, అంటే 20 శాతం లోపే, కావాల్సింది 25. ఆ లోటు రివర్‌లో రాబట్టుకోవాలి, కానీ టేబుల్ మీద మూడో డైమన్ పడిందంటే మీరు చెక్ అంటే వాడూ చెక్ అంటాడు, మీరు వేస్తే పారిపోతాడు. అందుకే ఒక్కోసారి నేను ఊరికే కాల్ చేయకుండా టర్న్‌లోనే చెక్-రైజ్ కొడతాను, అంటే ముందు చెక్ అని వాడు వేశాక పెంచుతాను, వాడు అక్కడే వదిలేసినా మంచిదే. రెండు జతలు పడ్డప్పుడూ అలాగే కొట్టాలి, లేకపోతే మీ చెక్ అంటే బలహీనమని వాడికి అర్థమైపోతుంది.

అసలు రాణి, 6 లాంటి వాటితో లోపలికి ఎందుకు వెళ్లడం? రమ్మీ 101 పూల్‌లో మొదటే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు పడతాయి, మిడిల్ డ్రాప్ అయితే 40, ముందే వదిలితే నష్టం తక్కువ, ఇక్కడా అదే లెక్క.

మనిషిని బట్టి కూడా మారుతుంది. మా బ్యాచ్‌లో ఒకాయన రివర్‌లో బ్లఫ్ అనేదే చేయడు, ఆయన పెద్ద బెట్ వేస్తే నేను మంచి జత ఉన్నా పడేస్తాను. ఇంకొకడు మధ్యరకం ముక్కలతో తనంతట తాను బెట్ వేయడు, కానీ వేస్తే మాత్రం కాల్ చేస్తాడు. వాడి మీద చెక్ చేసి కూర్చుంటే ఏమీ రాదు, రివర్‌లో నేనే సగం పాట్ వేస్తాను.

స్మాల్ బ్లైండ్ నుంచి అయితే కాల్ చేయడం దాదాపు మానేశాను, రైజో ఫోల్డో (వదిలేయడమో).