అమ్మాయి యాట్లు డిజైన్ చేస్తానంటోంది, పంపించమంటారా?

ప్రశ్న: మాది తాళ్లరేవు దగ్గర. మా నాన్న పడవలు కట్టే వడ్రంగి. కాగితం మీద గీత గీయకుండా కంటి అంచనాతోనే నావ నిలబెట్టేవాడు. ఆ పని వద్దనుకునే నేను రొయ్యల చెరువుల్లోకి వచ్చాను. ఆయన బాడిస, ఉలులు ఇంకా అటక మీదే ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. లగ్జరీ సెయిలింగ్ యాట్లు, అంటే తెరచాపలతో నడిచే విలాస పడవలు, డిజైన్ చేస్తానంటోంది. ఇక్కడ ఏ డిగ్రీ చదివినా పర్లేదు, తర్వాత ఇటలీలో ఏడాది మాస్టర్స్ చేస్తే చాలని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఇది మేలా, కంప్యూటర్ సైన్స్ మేలా? జీతం ఎంత వస్తుంది? తిరిగి తిరిగి పడవల పనిలోకే పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే అసలు ప్రశ్న. పొలం అమ్మి చదివించిన తండ్రికి కొడుకు అగ్రికల్చర్ బీఎస్సీ అంటే ఇదే భయం. డెల్టాలో ఇది కొత్త కాదు. మీ నాన్నగారి పనికి విలువ తగ్గింది ఆయన చేతిలో పనితనం లేక కాదండీ, కలప ఖరీదై, ఫైబర్ పడవలు వచ్చి. అమ్మాయి అడుగుతున్నది బాడిస పట్టే పని కూడా కాదు. తాతగారు కంటితో తేల్చుకున్నదాన్ని లెక్కతో తేల్చే ఇంజినీరింగ్. దాని పేరు నేవల్ ఆర్కిటెక్చర్.

ఇంకో మాట, కాస్త కటువుగానే. జీతం అడిగారు, ఏజెంటు మాట రాశారు. అమ్మాయికి ఫిజిక్స్ ఇష్టమో కాదో ఒక్క ముక్కా రాయలేదు. నిర్ణయం ఆ ఒక్కదాని మీదే నిలబడి ఉంది.

ఏజెంటు చెప్పే కోర్సు సంగతి చూద్దాం. అలాంటి మాస్టర్స్ మోసం కావు. కానీ 'ఏ డిగ్రీ అయినా పర్లేదు' అన్నచోటే అనుమానించాలి. ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ చదివినవాళ్లు చేరితే పడవ ఆకారం, గదుల అలంకరణ వైపు వెళ్తారు. అదీ పనే. అయితే పడవ తేలుతుందా, పక్కకి ఒరిగితే లేస్తుందా అని సంతకం పెట్టేది వాళ్లు కాదు. ఆ పునాది లేకుండా బోలెడు ఫీజు కట్టి ఏడాదిలో వచ్చే పట్టా మీద మాకు నమ్మకం తక్కువ.

విలాసం అంటే బరువు. పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది టన్నుల బరువున్న సెయిలింగ్ యాట్ తీసుకోండి. వంటగదిలో గ్రానైట్ గట్టు కావాలని యజమాని అడిగాడు. ఇరవై మిల్లీమీటర్ల మందం పలక చదరపు మీటరుకి 54 కిలోలు తూగుతుంది. ఒకటిన్నర చదరపు మీటర్లంటే దాదాపు 80 కిలోలు. అది పడవ గరిమనాభికి, అంటే బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్కకట్టే బిందువుకి, ఒకటిన్నర మీటర్ల పైన కూర్చుంటే నాభి మొత్తంగా ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి జరుగుతుంది, గాలికి ఎదురు నిలిచే బలం ఆ మేరకు తగ్గుతుంది. సరిచేయడానికి పడవ అడుగున రెక్కలా దిగే బరువైన కీల్‌లో, నాభికి అంతే దూరం కింద, మరో 80 కిలోల సీసం పోయాలి. ఇప్పుడు బరువు 160 కిలోలు పెరిగింది. పడవ అర సెంటీమీటరు పైగా దిగింది, కీల్ బోల్టులు, అవి కూర్చునే అడుగు భాగం మళ్లీ లెక్కకట్టాలి. ఒక మార్పు చేస్తే అన్నీ తిరగతోడాల్సిందే, అందుకే ఈ పనివాళ్లు దీన్ని డిజైన్ స్పైరల్ అంటారు. తెలిసిన డిజైనరైతే తేనెపట్టు అట్టలాంటి తేలికపాటి పలక మీద కొన్ని మిల్లీమీటర్ల రాయి పొర అతికిస్తాడు. టేకు బల్లలూ అంతే, పైపొర మాత్రమే టేకు. పడవ ఇరవై అయిదు డిగ్రీలు ఒరిగినప్పుడు గిన్నె జారకుండా బల్లకి అంచుపట్టీ, పొయ్యికి ఊగే కీలు, నడిచే దారంతా చేతికందే పట్టుకొమ్మలు ఉండాలి. ఫొటోల్లో ఇవేవీ కనపడవు.

లెక్క ఎంత సున్నితమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024 ఆగస్టులో సిసిలీ తీరంలో 56 మీటర్ల బేయేసియన్ అనే విలాస యాట్ మునిగి ఏడుగురు చనిపోయారు. తెరచాపలు దించి, అడుగున దించే సెంటర్‌బోర్డు పైకి లాగి ఉన్నప్పుడు పక్క నుంచి 63 నాట్లు దాటిన గాలి వీస్తే అది బోల్తా పడొచ్చని బ్రిటన్ దర్యాప్తు సంస్థ మధ్యంతర నివేదిక తేల్చింది. ఆ స్థితికి సంబంధించిన లెక్క పడవ ఏ స్థితిలో ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే స్టెబిలిటీ పుస్తకంలో లేదు, సిబ్బందికి తెలియదు. 63 నాట్లంటే గంటకి 117 కిలోమీటర్లు. 1996 నవంబరు తుపాను చూసిన మీకు ఆ గాలి ఎలాంటిదో విడిగా చెప్పక్కర్లేదు.

అందుకని ముందు నాలుగేళ్ల బీటెక్ నేవల్ ఆర్కిటెక్చరే చేయనివ్వండి. విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ), ఐఐటీ మద్రాస్, ఐఐటీ ఖరగ్‌పూర్ ఉన్నాయి. ప్రవేశ పరీక్షల వివరాలు ఆమెకి మీకన్నా బాగా తెలిసే ఉంటాయి. అప్పటికీ యాట్లే కావాలంటే, సౌతాంప్టన్ లాంటి చోట యాట్లూ చిన్న పడవల మీద మాస్టర్స్ ఉంది. అప్పుడు పెట్టిన ఖర్చుకి అర్థం ఉంటుంది.

ఒక నిజం ముందే చెప్పాలి. మన దేశంలో పడవలు బాగానే కడతారు, సెయిలింగ్ యాట్ డిజైన్ మాత్రం ఎక్కువగా బయట నుంచే వస్తుంది. 2017–18లో ఆరుగురు నేవీ అధికారిణులు భూగోళం చుట్టివచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే నేవీ తెరచాప పడవ గోవాలో కట్టిందే. ఆ ఆరుగురిలో పి. స్వాతి విశాఖ అమ్మాయి. డిజైన్ మాత్రం నెదర్లాండ్స్‌కి చెందిన వాన్ డి స్టాట్ అనే డిజైన్ సంస్థది. యాట్ డిజైన్ ఆఫీసులు చాలావరకు చిన్నవి, కొత్తవాళ్లని విదేశాల నుంచి తెచ్చుకోవడం అరుదు. మొదటి అయిదేళ్లు టగ్గులు, ఫెర్రీలు, యుద్ధనౌకల మీదే పని దొరుకుతుందనుకోండి. షిప్‌యార్డులు, ఓడల భద్రతా ప్రమాణాలు తనిఖీ చేసే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్, నేవీ, ప్రైవేటు డిజైన్ ఆఫీసులు, ఇవీ తలుపులు. అది వృథా కాదు, బరువుల పట్టిక తప్పు లేకుండా రాయడం అక్కడే అబ్బుతుంది.

కంప్యూటర్ సైన్స్‌తో పోలిక అడిగారు. మొదటి ఉద్యోగాల సంఖ్యలో అదే ముందుంటుంది, సందేహం లేదు. పోటీ కూడా అక్కడే ఎక్కువ. నేవల్ ఆర్కిటెక్చర్‌లోనూ సగం రోజు కంప్యూటర్ ముందే గడుస్తుంది, కోడింగ్ వచ్చినవాళ్లకి అక్కడా గిరాకీ ఉంది. ఆడపిల్ల షిప్‌యార్డులో ఎలా అన్న బెంగ ఉంటే అదీ వదిలేయండి, డిజైన్ పని ఆఫీసులోదే.

ఫీజు కట్టేముందు ఒక పరీక్ష పెట్టండి. పది మీటర్ల పడవకి ఇరవయ్యో వంతు, అంటే అర మీటరు నమూనాని అమ్మాయినే తేలిక కలపలో చెక్కి తొలవమనండి. వెడల్పు 17 సెంటీమీటర్లు. అసలు పడవ ఆరు టన్నులైతే బొమ్మ మొత్తం 750 గ్రాములు ఉండాలి, బరువు పొడవు ఘనాన్ని బట్టి తగ్గుతుంది మరి. అందులో 260 గ్రాములు కీల్ అడుగున, వలలకి కట్టే సీసపు గుళ్లు. గాలిలేని పొద్దున చెరువులో దించి, మధ్యలో ఉన్న 50 గ్రాముల తూకాన్ని అయిదు సెంటీమీటర్లు పక్కకి జరపాలి. తెరచాప స్తంభానికి వేలాడే 30 సెంటీమీటర్ల దారం కొస రెండు సెంటీమీటర్ల దాకా జరిగితే లెక్క దారిలో ఉన్నట్టు. అయిదారు సెంటీమీటర్లు జరిగితే బరువు ఎక్కడో పైన ఎక్కువైంది. ఎక్కడో వెతకడానికి ఆమె రెండు ఆదివారాలు ఇష్టంగా కూర్చుందా, సగంలో వదిలేసిందా, అది మాకు రాయండి.

ఏజెంటుకి అడ్వాన్సు ఇవ్వకండి. అటక మీది ఉలులు దించి, నూరించి, ఆమె చేతికివ్వండి.