రాత్రి మూడింటికి లేచి పాస్‌పోర్ట్ చూసుకుంటున్నాను

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఉద్యోగానికి ఆరు వారాలు సెలవు పెట్టి, వీపుకి ఒక్క బ్యాగ్ తగిలించుకుని నాలుగు దేశాలు ఒంటరిగా తిరిగి రావాలన్నది నా కోరిక. రెండేళ్లు డబ్బు దాచుకుని టికెట్ కొన్నాను. ఇంకా 19 రోజులే ఉంది, నిద్ర పట్టడం లేదు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, బీరువా తీసి పాస్‌పోర్ట్ ఉందో లేదో చూసుకుంటున్నాను. అది పోతే? జ్వరమొస్తే? ఆరు వారాలూ మాట్లాడే మనిషి దొరక్కపోతే? అమ్మ రోజూ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. టికెట్ క్యాన్సిల్ చేసేయనా?

జవాబు: ఈ భయం వల్లయితే మాత్రం క్యాన్సిల్ చేయకండి. వెళ్లాలన్న కోరికే పోయిందంటే అది వేరే మాట. మీ ఉత్తరం నిండా ఆ కోరిక కనిపిస్తూనే ఉంది.

మీ భయాలన్నీ ‘తే?’ దగ్గరే ఆగిపోతున్నాయి, గమనించారా? పోతే, వస్తే, దొరక్కపోతే. ఆ తర్వాత ఏం చేస్తారో ఆలోచించేలోపే గుండె దడ మొదలవుతోంది. అందుకే ఓ కాగితం తీసుకుని ఒక్కో ‘తే?’ కింద దాని తర్వాతి వాక్యం రాయండి.

పాస్‌పోర్ట్ పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో మన ఎంబసీకి వెళ్తారు. వాళ్లు కొత్త పాస్‌పోర్టో, ఇంటికి చేరడానికి అత్యవసర ప్రయాణ పత్రమో ఇస్తారు. కొన్ని రోజులు పోతాయి, డబ్బు ఖర్చవుతుంది, మిగతా ప్రయాణం కుదించుకోవాల్సి రావచ్చు. బాధే, కానీ దారి ఉన్న బాధ. దానికి ఇప్పుడే చేయాల్సిన పని చిన్నది: ఒక జిరాక్స్ వేరే సంచిలో, ఒక ఫోటో మెయిల్‌లో, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు పర్సులో పెట్టుకోండి. నాలుగు ఎంబసీల చిరునామాలు కాగితం మీద రాసుకోండి. ఎలాగూ రాత్రిళ్లు తీసి చూస్తున్నారు కాబట్టి గడువు తేదీ కూడా ఒకసారి చూడండి. ఇంకా ఆరు నెలలైనా గడువుండాలని చాలా దేశాలు అడుగుతాయి.

జ్వరం సంగతికొస్తే, ఈ వారమే డాక్టర్‌ను కలవండి. మీరు వెళ్లే దేశాల్లో ఏదైనా ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడిగేదైతే, టీకా వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది. ఉన్నది 19 రోజులు కాబట్టి వాయిదా వేయొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో ‘వర్తించనివి’ అనే పేజీని ముందు చదవండి. పాత జబ్బులు, సాహస క్రీడలు, సరైన లైసెన్స్ లేకుండా నడిపిన బండి తరచూ ఆ పేజీలోనే ఉంటాయి.

డబ్బు విషయంలో చాలామంది మరిచిపోయేది ఓటీపీ. మీరు బ్యాంక్‌కి ఇచ్చిన ఫోన్ నంబర్ విదేశంలో పనిచేయకపోతే, ఓటీపీ అడిగే చోట కార్డు చేతిలో ఉండీ లాభం లేదు. రోమింగ్ సంగతి బయల్దేరకముందే తేల్చుకోండి. రెండు కార్డులు రెండు చోట్ల పెట్టుకోండి.

ఇక ఒంటరితనం. దీనికి జిరాక్సులు పనికిరావు. నా మొదటి ప్రయాణంలో, మొదటి రాత్రి ప్రయాణికులు గది పంచుకుని దిగే హాస్టల్‌లో పైబెర్త్ మీద పడుకున్నాను. చీకట్లో ఎవరో బ్యాగ్ జిప్పు లాగుతున్న చప్పుడు, పక్క మంచం మీద తెలియని భాషలో గుసగుస. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను. పొద్దున్నే ఉమ్మడి వంటగదిలో కప్పు కడుక్కుంటుంటే ఒకావిడ వచ్చి, ‘మీ దగ్గర ఛార్జర్ అడాప్టర్ ఉందా?’ అని అడిగింది. ఇచ్చాను. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఊరు చూశాం. అలాంటి మనిషి రోజూ దొరుకుతుందని మాటివ్వలేను. కొన్ని సాయంత్రాలు బరువుగానే గడుస్తాయి. మొదటి రెండు మూడు రోజులు మరీ బరువు, అందుకే వాటినే గట్టిగా ప్లాన్ చేసుకోండి. వెలుతురుండగా చేరే విమానం, రాత్రంతా రిసెప్షన్ తెరిచుండే చోట రెండు రాత్రుల బుకింగ్ చాలు. కావాలంటే ఆడవాళ్లకు మాత్రమే ఉండే డార్మిటరీ తీసుకోండి. తర్వాతి వారాలను కొంచెం ఖాళీగా వదలండి. ఇంటికి తిరిగొచ్చేందుకు టికెట్ డబ్బు విడిగా ఉంచి, దాన్ని ముట్టుకోకండి. ఎప్పుడైనా తిరిగి రావచ్చన్న ధైర్యమే మనిషిని ఇంకో రోజు నిలబెడుతుంది.

అమ్మ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం అసలు బరువు అక్కడే ఉందనిపించింది. ‘ఏం కాదులే అమ్మా’ అనకండి. ఆ మాటతో ఆవిడ భయం తగ్గదు, మీకు చెప్పుకోవడం మానేస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ ‘తే?’లు కూడా ఆ కాగితం మీదే రాయండి. గంటగంటకీ ఫోన్ చేస్తానని మాత్రం మాటివ్వకండి. సిగ్నల్ లేని బస్సులో మీరు హాయిగా నిద్రపోతుంటే, ఇక్కడ ఆవిడ ప్రాణం పోయినట్టు కూర్చుంటుంది. రోజుకు ఒక్క మెసేజ్ అనుకోండి. అది ఒక రోజు రాకపోతే బస్సులో ఉన్నారనుకోవాలి. రెండో రోజూ రాకపోతే ముందు హాస్టల్‌కి, తర్వాత ఎంబసీకి ఫోన్ చేయాలి. ఆ నంబర్లు, విమానాల వివరాలు, ఇన్సూరెన్స్ పాలసీ నంబర్ ఒకే కాగితం మీద రాసి ఆవిడకివ్వండి. చేతిలో ఒక పని ఉంటే ఎదురుచూడటం కొంచెం తేలికవుతుంది.

ఈ ఆదివారం బ్యాగ్ పూర్తిగా సర్ది, వీపున వేసుకుని గంటసేపు నడవండి, మెట్లెక్కండి. భుజాలు నొప్పెడితే సగం బట్టలు తీసేయండి.

ఇవన్నీ చేశాక కూడా వారం పాటు నిద్ర రాకపోయినా, ఊపిరాడనట్టు అనిపించినా మానసిక వైద్యులను కలవండి. ప్రయాణం దగ్గరపడిందని ఆగకండి.

పాస్‌పోర్ట్‌తో పనులన్నీ అయ్యాక దాన్ని అమ్మ చేతికివ్వండి. బయల్దేరే రోజు ఆవిడ చేతుల మీదుగానే తీసుకుంటానని చెప్పండి. మూడింటికి మెలకువ వచ్చినా బీరువా తీయక్కర్లేదు, అది అమ్మ దగ్గరుంది.