మెట్లదారిలోకి పొగ రాకూడదంటే

ప్రశ్న: మాది ఆరంతస్తుల అపార్ట్‌మెంటు. మెట్లు భవనం నడిమధ్యన ఉన్నాయి, ఒక్క కిటికీ లేదు. మెట్ల పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే అగ్నిప్రమాదంలో పొగ బయటికి పోతుందంటున్నారు. పెట్టించమంటారా?
– సంఘం కార్యదర్శి, విజయనగరం

జవాబు: వద్దండి. మెట్లగదిలో గాలి లాగేస్తే అక్కడ పీడనం తగ్గి, మంటలున్న అంతస్తు పొగ తలుపు సందుల్లోంచి మెట్లలోకే వస్తుంది. జనం దిగే దారే పొగగొట్టం అవుతుంది. చేయాల్సింది బయటి గాలిని లోపలికి నెట్టడం. 2016 జాతీయ భవన నియమావళి ప్రకారం మెట్లగదిలో పీడనం పక్కనున్న వసారా కంటే 50 పాస్కల్స్ (పీడనం కొలిచే ప్రమాణం) ఎక్కువ ఉండాలి, అంటే 5 మిల్లీమీటర్ల నీటి ఎత్తంత. అంత తక్కువ చాలు.

ఒక్కో తలుపు సందులు 0.01 చదరపు మీటరు అనుకుంటే, ఆరూ మూసి ఉన్నప్పుడు సెకనుకు 0.35 ఘనపు మీటర్ల గాలి సరిపోతుంది. ఒక్క తలుపు తీస్తే లెక్క మారిపోతుంది: ఆ తలుపులోంచి పొగకు ఎదురుగా సెకనుకు 0.75 మీటర్ల వేగంతో గాలి పోవాలంటే దానికే సెకనుకు 1.4 ఘనపు మీటర్లు కావాలి. గోడల లీకేజీతో కలిపి సెకనుకు సుమారు 2 ఘనపు మీటర్ల గాలి ఇచ్చే ఫ్యాన్ పడుతుంది. ఇంత ఫ్యాన్ తలుపులన్నీ మూసి ఉన్నప్పుడు తిరిగితే పీడనం విపరీతంగా పెరుగుతుంది, కాబట్టి ఎక్కువైన గాలిని దానంతటదే తెరుచుకుని బయటికి వదిలే పలక, అంటే రిలీఫ్ డ్యాంపర్ తప్పనిసరి. అది లేక 150 పాస్కల్స్‌కి చేరితే మెట్లలోకి తెరుచుకునే తలుపును పిడి దగ్గర దాదాపు 15 కిలోల బలంతో నెట్టాలి, తలుపును దానంతటదే మూసే డోర్ క్లోజర్ బలం అదనం. ముసలివాళ్ల వల్ల కాదు.

గాలి తీసుకునే చోటు సెల్లార్ ర్యాంపుకీ, జనరేటర్ పొగగొట్టానికీ దూరంగా ఉండాలి. అక్కణ్నుంచి గాలి తెచ్చే డక్టులో (గొట్టంలో) స్మోక్ డిటెక్టర్ పెట్టించి, పొగ తగిలితే ఫ్యాన్ ఆగేలా చూడండి. ఫ్యాన్‌కి జనరేటర్ లైను తప్పదు. తుపాను రోజుల్లో కరెంటు సంగతి మన జిల్లాలకు తెలిసిందే. తలుపు కింద చెక్కముక్క పెట్టి తెరిచి ఉంచే అలవాటు మాత్రం ఇవాళే మానిపించండి, అలా ఉంటే ఎంత ఫ్యానైనా వృథా.

పని అయ్యాక మానోమీటర్‌తో (పీడనం తేడా కొలిచే పరికరం) ప్రతి అంతస్తులో కొలిపించుకోండి. మధ్యమధ్య మీరే చూసుకోవాలంటే, ఫ్యాన్ తిరుగుతుండగా మెట్లవైపు నిలబడి మూసిన తలుపు కింది సందు దగ్గర అగరుబత్తి పెట్టండి. పొగ వసారాలోకి పోవాలి. మీవైపు తిరిగితే ఆ అంతస్తులో పీడనం లేదన్నమాట.

ప్రశ్న: మా లాడ్జి మెట్లు బయటి గోడనే ఆనుకొని ఉన్నాయి. మాకూ ఫ్యాన్ కావాలా?
– శ్రీకాకుళం పాఠకుడు

జవాబు: మూడు, నాలుగు అంతస్తులదైతే సాధారణంగా అక్కర్లేదు. ప్రతి ల్యాండింగ్‌లో బయటి గోడకు 0.5 చదరపు మీటరు తెరుచుకునే కిటికీ ఉండాలి. వానజల్లు పడుతోందని బిగించిన అద్దం దీనికి లెక్కలోకి రాదు, తీయించేయండి.