చలికాలంలో మేడ మీద తోట డీలా పడితే ముందు పిట్టగోడ నీడ చూడండి

విశాఖ మధురవాడలో మీ మేడ మీద దసరా దాకా గోంగూర, తోటకూర విరగకాశాయనీ, డిసెంబర్ వచ్చేసరికి అన్నీ ఆగిపోయాయనీ రాశారు. చలికి ప్లాస్టిక్ కవర్లు కప్పాలా అని కదా మీ ప్రశ్న.

వద్దండీ. అవి మంచు గడ్డకట్టే ఊళ్లవాళ్ల తిప్పలు. సీతమ్మధారలో మా మేడ మీద హుద్‌హుద్ తుపానుకు ముందు నుంచీ తోట ఉంది. ఇన్నేళ్లలో చలికి చచ్చిన మొక్క ఒక్కటీ లేదు. పైగా టమాటాకు మన ఊళ్లో ఇదే అసలు కాలం. రాత్రిళ్లు 20 డిగ్రీలకు అటూఇటూగా ఉంటే పూత నిలిచి పిందె కడుతుంది. మేలో అదే మొక్క పూలన్నీ రాల్చేస్తుంది.

నాకూ మొదట్లో మీలాగే అయ్యేది. బలం చాలట్లేదనుకుని వర్మీ కంపోస్ట్ మీద వర్మీ కంపోస్ట్ వేశాను. ఒక ఆదివారం మా అత్తగారు బట్టలు ఆరేస్తూ, "ఆ మూల మధ్యాహ్నమైనా చీర ఆరట్లేదే, అక్కడ మొక్కేం పెరుగుతుంది?" అన్నారు. సుద్దముక్క తీసుకుని నీడ ఎక్కడిదాకా వస్తోందో గంటగంటకీ గీత గీశాను. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. డిసెంబర్ చివర్లో మనకు మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, సగం ఎత్తులోనే ఉంటాడు. మూడడుగుల పిట్టగోడ నీడ ఆ వేళకే రెండున్నర అడుగులు పడుతుంది, పొద్దున్నా సాయంత్రమూ ఇంకా ఎక్కువ. నా కుండీలన్నీ దక్షిణపు గోడకే ఆనించి ఉన్నాయి! ఎండాకాలంలో అక్కడే బాగా కాసేవి మరి. పక్క అపార్ట్‌మెంట్ మీకు దక్షిణాన ఉంటే దాని నీడ కూడా చూసుకోండి.

టమాటా, వంగ, మిరప కుండీల్ని ఉత్తరపు గోడ దగ్గరికి జరిపాను. దక్షిణం పక్కన పాలకూర, కొత్తిమీర, మెంతికూర పెట్టాను. వాటికి మూడు నాలుగు గంటల ఎండ వచ్చినా సర్దుకుంటాయి.

ఇక గోంగూర, తోటకూర సంగతి. అందులో మీ తప్పేమీ లేదు. పగటి వేళ తగ్గగానే అవి పూతకు వచ్చేస్తాయి, ఆకు చిన్నదైపోతుంది. మనకు జూన్‌లో పగలు 13 గంటలుంటే డిసెంబర్‌లో 11 గంటలే. పీకేసి ఆ కుండీల్లో ముల్లంగి వేయండి, నలభై అయిదు రోజుల్లో చేతికొస్తుంది. అదే పొట్టి పగలు నాటు చిక్కుడుకు పండగ. వానాకాలమంతా ఆకే తప్ప పువ్వు లేని పాదు ఇప్పుడు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. సంక్రాంతికి ఇంట్లో చిక్కుడుకాయ కూర లేకపోతే మాకు పండగే కాదు.

కాలీఫ్లవర్ జోలికి వెళ్తే నారు కొనేటప్పుడు తొందరగా పువ్వు కట్టే రకమేనా అని గట్టిగా అడగండి. ఒక ఏడాది నర్సరీలో ఇచ్చిన నారు చేటలంత ఆకులు వేసింది, పువ్వు మాత్రం కట్టలేదు. అది బాగా చలి ఉండే ఊళ్ల రకమని తర్వాత తెలిసింది. క్యాబేజీతో ఇంత గొడవ లేదు.

అక్టోబర్, నవంబర్ మనకు తుపాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ మా పందిరిని కుండీలతో సహా ఎత్తుకుపోయింది. అప్పటి నుంచి నారు బాల్కనీలో ట్రేల్లో పోసి, వాన ముసురు తగ్గాకే పైకి ఎక్కిస్తున్నాను. మెంతులు, ధనియాలు మాత్రం పదిహేను రోజులకో కుండీ చొప్పున ఫిబ్రవరి దాకా చల్లుతూనే ఉంటాను. ఒకేసారి అన్నీ చల్లితే ఒక వారం ఊరంతా పంచాలి, తర్వాతి వారం రైతుబజార్‌కు పరుగెత్తాలి.

నీళ్లు పొద్దున్నే పోయండి. అది కూడా మట్టిలో వేలు పెట్టి, తడి తగలకపోతేనే. సాయంత్రం ఆకులు తడిపితే ఆకుమచ్చ తెగులు పట్టుకుంటుంది. చిక్కుడు కొసలకు పేనుబంక అనే రసం పీల్చే పురుగు తప్పదు. మొదటి రోజే చూస్తే నీళ్లతో గట్టిగా కడిగేస్తే చాలు. ముదిరితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక కొట్టండి.

కవర్లు మాత్రం కొనకండి. తెలియక నేనూ ఒకటి కొన్నాను, ఇప్పుడది మా స్కూటర్ మీద ఉంది.